కొట్టుగా మారిన పెంకుటింటికి వారసత్వ విలువ ఉంటుందా?

పాత ఇళ్ళ గురించి పాఠకులు పంపే ప్రశ్నలకు ఈ శీర్షికలో సమాధానాలు ఇస్తున్నాం. ఈ సంచికకు ఎంచుకున్న మూడు ప్రశ్నలూ వ్యాపారానికి వాడుకుంటున్న పాత ఇళ్ళకు సంబంధించినవే.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ప్లీడరుగా పనిచేసిన మా తాతగారు 1931లో స్థలం కొని పెంకుటిల్లు కట్టించారు. వీధివైపు కొయ్య స్తంభాల వసారా, దాని పక్కన ఆయన ఆఫీసు గది, వెనక పెద్ద హాలు, రెండు పడకగదులు, విడిగా వంటిల్లు, బావి ఉండేవి. 1983లో మా నాన్నగారు ముందుభాగాన్ని అద్దెకిచ్చారు. మొదట టైపు ఇన్‌స్టిట్యూటు, తరువాత పుస్తకాల షాపు నడిచాయి; ఇప్పుడు రెడీమేడ్ బట్టల షాపు ఉంది. వసారాకు షట్టర్లు బిగించారు, ఆఫీసు గదికీ హాలుకీ నడుమ ఉన్న గోడ తీసేసి ఇనుప దూలం పెట్టారు, లోపల ఫాల్స్ సీలింగు వేశారు. ఈమధ్య కప్పు బాగుచేయిస్తుంటే ఒక పెంకు అడుగున బాసెల్ మిషన్ పేరు, 1865 అనే అంకె కనిపించాయి. స్థలాన్ని బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇద్దామని అన్నయ్య, చెల్లెలు అంటున్నారు. నూట అరవై ఏళ్ళ నాటి పెంకులున్న ఇంటిని కూల్చడానికి నాకు మనసొప్పడం లేదు. షాపుగా మారి ఇంత చెడిపోయిన ఇంటికి ఇంకా వారసత్వ విలువ ఉన్నట్టేనా? చట్టం దాన్ని కాపాడుతుందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు పెంకు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఆలోచన అంతా దాని చుట్టూనే తిరుగుతున్నట్టుంది. గియోర్గ్ ప్లెబ్‌స్ట్ అనే జర్మన్ మిషనరీ 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మత ప్రచార సంస్థ తరఫున పెంకుల కర్మాగారం నెలకొల్పాడు. అక్కడ తయారైన పెంకుల మీద ఆ స్థాపన సంవత్సరాన్నే ముద్రించేవారు కాబట్టి, ఆ అంకెను బట్టి పెంకు వయసు చెప్పలేం. అయితే ఆ పేరు వల్ల మరో విధమైన ఆధారం దొరుకుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మన్ సంబంధం ఉన్న ఆ కర్మాగారాలు మిషన్ చేతి నుంచి జారిపోయి, తరువాత కామన్‌వెల్త్ ట్రస్ట్ అనే సంస్థ కిందికి వెళ్ళాయి. అందువల్ల బాసెల్ మిషన్ పేరున్న మీ పెంకు ఆ యుద్ధానికి ముందుదే అయ్యే అవకాశం ఎక్కువ.

అంటే పెంకు ఇంటికన్నా పాతది. 1931 తరువాత కట్టిన ఇంటి మీదికి అది ఎలా వచ్చిందన్నది ఆసక్తికరమైన విషయమే. కూల్చిన ఇళ్ళ పెంకులను, దూలాలను కొని కొత్త ఇంటికి వాడుకోవడం ఆనాడు ఎవరూ చిన్నతనంగా భావించని పొదుపు. మీ తాతగారు అలా కొని ఉండవచ్చు. లేదా గాలివానకు లేచిపోయిన పెంకుల చోట మీ నాన్నగారు పాతవి తెచ్చి వేయించి ఉండవచ్చు. 1977 నవంబరు ఉప్పెన నాటి మరమ్మతుల ముచ్చట ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరికైనా గుర్తుందేమో అడగండి. ఒక్క పెంకును చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. కప్పు నాలుగు వాలుల్లోనూ కొన్ని కొన్ని పెంకులు తీయించి అడుగున ఉన్న ముద్రలను ఫోటోలు తీయండి. ఒకే ముద్ర అంతటా కనిపిస్తే కప్పు చాలావరకు మొదటిదేనని, మూడు నాలుగు రకాల ముద్రలు కలగలిసి ఉంటే మరమ్మతుల్లో మారుతూ వచ్చిందని అనుకోవచ్చు.

ఇంటి వయసుకు గట్టి సాక్ష్యం కాగితాల్లోనే దొరుకుతుంది. 1931 దస్తావేజులో ఖాళీ స్థలం అని రాసి ఉందా, పాత పాక గానీ కట్టడం గానీ ఉన్నట్టు రాసి ఉందా చూడండి. ఆ తరువాత మొదటి ఇంటి పన్ను రసీదు ఏ ఏడాదిదో వెతకండి. గుంటూరు పురపాలక సంఘం 1866లోనే ఏర్పడింది కాబట్టి, మీ ఇల్లు పుట్టేనాటికి పన్నుల వ్యవస్థ బాగా స్థిరపడి ఉంది. ప్లీడరు గారి ఇల్లు కదా, అటక మీది ట్రంకుపెట్టెలో రసీదులు కట్టలుగా దొరికినా ఆశ్చర్యం లేదు.

చట్టం విషయం క్లుప్తంగా చెబుతాను. కేంద్రప్రభుత్వపు 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కనీసం నూరేళ్ళ వయసున్న కట్టడాలకే వర్తిస్తుంది. అదీ ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించినప్పుడే. రాష్ట్రానికి 1960లో చేసిన చట్టం కింద కూడా ప్రకటన లేనిదే రక్షణ రాదు. ఈ చట్టాలు ఉండవల్లి గుహల వంటి వాటిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. బ్రాడీపేట పెంకుటిల్లు వాటి చూపులో లేదు. నగరస్థాయిలో వారసత్వ భవనాల జాబితా చేసి కాపాడే పద్ధతి వేరే ఉంది. బొంబాయిలో 1995 నుంచి అటువంటి నిబంధనలు అమలవుతున్నాయి. హైదరాబాదులో 1981 జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన కింద అలాంటి జాబితా ఉండేది గానీ, 2015లో ఆ నిబంధననే తొలగించారు. జాబితాకెక్కిన భవనాల గతే అలా ఉన్నప్పుడు, ఏ జాబితాలోనూ లేని మీ ఇంటిని చట్టం వచ్చి కాపాడుతుందని ఎదురుచూడటం వృథా. ఇంటికి వారసత్వ విలువ ఉందని మీరు నలుగురికీ చెప్పినంత మాత్రాన అమ్మకం ఆగిపోతుందేమోనని మీ అన్నయ్య గారు భయపడనక్కర లేదు కూడా.

ఇక అసలు ప్రశ్న. షాపు పెట్టడం వల్ల ఇంటి విలువ పోయిందన్న మీ అభిప్రాయంతో నేను ఏకీభవించను. ఆ ఇల్లు మొదటినుంచీ పూర్తిగా సంసారపు ఇల్లు కాదు. ప్లీడరు గారి ఆఫీసు గది వీధివైపు ఉండటం, కక్షిదారులు వసారాలో బల్లల మీద కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూడటం, లోపలి హాలు గడప దాటి పరాయివాళ్ళు రాకపోవడం, ఇవన్నీ ఆ ఇంటి నక్షాలోనే ఉన్నాయి. ముందుభాగం ఊరిది, వెనకభాగం ఇంటివాళ్ళది. గుంటూరులో రైలుకట్టకు ఇవతల, లైన్లూ అడ్డరోడ్లూ గీసి, అంకెలతో చిరునామా చెప్పుకొనేట్టుగా పెరిగిన బ్రాడీపేట, అరండల్‌పేటల్లో వకీళ్ళూ డాక్టర్లూ ఉపాధ్యాయులూ కట్టుకున్న ఇళ్ళు చాలావరకు ఈ పద్ధతివే. కక్షిదారుల చోటికి టైపు నేర్చుకునే పిల్లలు, వాళ్ళ చోటికి పుస్తకాల కోసం వచ్చేవాళ్ళు, వాళ్ళ తరువాత బట్టలు కొనేవాళ్ళు వచ్చారు. వసారా చేసే పని మారలేదు. వచ్చే మనుషులు మారారు.

పాత కట్టడాల పరిరక్షణ కోసం ఆస్ట్రేలియాలో 1979లో రూపొందించిన బర్రా నియమావళి, ఒక కట్టడంలో వేర్వేరు కాలాల్లో చేరిన మార్పులన్నిటినీ గౌరవించాలని, ఒక కాలపు పొరను పైకి తేవడానికి మరో కాలపు పొరను తేలిగ్గా చెరిపేయకూడదని చెబుతుంది. మన దేశంలో వారసత్వ పరిరక్షణకు 1984లో ఏర్పడిన ఇన్‌టాక్ సంస్థ 2004లో ప్రకటించిన నియమావళి, ప్రత్యేకించి ప్రభుత్వ రక్షణ లేని కట్టడాల కోసమే రాసుకున్నది; కట్టడంతో పాటు దాన్ని కట్టిన, బాగుచేసే మేస్త్రీల పనితనాన్ని కూడా అది వారసత్వంగానే లెక్కిస్తుంది. ఈ రెండింటిలో దేనిని ప్రమాణంగా తీసుకున్నా మీ ఇంటిని షాపు పేరు చెప్పి తోసేయడానికి వీల్లేదు. పైగా అద్దె రావడం వల్లనే ఆ కప్పు ఏటేటా బాగుపడుతూ నిలిచిందన్నది మీరు ఒప్పుకోవలసిన మాట. తాళం వేసి వదిలేసిన పెంకుటిల్లు రెండు మూడు వానాకాలాలకే ఏమవుతుందో మీ వీధిలోనే చూసి ఉంటారు.

విలువ ఎక్కడుందో కూడా చెబుతాను. విడివిడిగా చూస్తే మీ ఇంట్లో ఏదీ అపురూపం కాదు: మంగుళూరు పెంకు, టేకు దూలం, నాపరాళ్ళ నేల, ఊచల కిటికీ కోస్తా జిల్లాల్లో వేలాది ఇళ్ళలో ఉండేవే. ఖాళీ ముంగిలి, వసారా, ఆఫీసు గది, హాలు, పెరడు, బావి అన్నీ ఒకే స్థలంలో తమ తమ చోట్ల నిలిచి ఉండటం మాత్రం ఇప్పుడు అరుదు. మీ లైను ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడిచి, అలా మిగిలినవి ఎన్నో చూసి రండి. రెండో మూడో ఉంటే మీది ఆ కాలానికి మిగిలిన కొద్ది సాక్ష్యాల్లో ఒకటి. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లో స్థాపించిన స్త్రీల విద్యాసంస్థ శారదా నికేతనం కూడా బ్రాడీపేటలోనిదే కాబట్టి, ఆ కాలపు ప్రజాజీవితంతో మీ తాతగారికి సంబంధం ఉన్నట్టు ఉత్తరాలో ఫోటోలో దొరికితే ఇంటి విలువ మరికొంత పెరుగుతుంది. కాగితం లేని కథలు మాత్రం చేర్చవద్దు. మన జిల్లాలో పాతబడిన ప్రతి ఇంటి వసారాలోనూ ఎవరో ఒక మహానాయకుడు మజ్జిగ తాగి వెళ్ళినట్టు చెప్పుకొంటారు. అన్ని ఇళ్ళకూ వెళ్ళే తీరిక వారికి ఉండి ఉండదు.

షాపు కోసం చేసిన మార్పుల్లో మంచీ చెడూ వేరు చేయాలి. షట్టర్ల గురించి నాకు పెద్ద బెంగ లేదు. వాటి ఇనుప చట్రాలను కొయ్య స్తంభాలకు బోల్టులతో బిగించి ఉంటే, తీసేసిన నాడు మిగిలేవి నాలుగు చిల్లులు. గోడ తీసేయడం అలాంటిది కాదు. సున్నంతో కట్టిన గోడలో ఇనుప దూలం కొనను నేరుగా ఇటుక మీద ఆనించి ఉంటే బరువంతా ఒక్కచోట పడుతుంది. దూలం రెండు కొనల కింద వాలుగా దిగే పగుళ్ళు ఉన్నాయేమో చూడండి. పగులు మీద పెన్సిలుతో తేదీ రాసి, వేసవి చివర ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి అది ఎంత వరకు సాగిందో గుర్తు పెట్టండి. నల్లరేగడి నేల ఎండకు కుంచించుకుని వానకు ఉబ్బుతుంది కాబట్టి, ఆ నేల మీది ఇళ్ళలో కొన్ని పగుళ్ళు ఋతువుతో పాటు తెరుచుకుని మూసుకుంటాయి. అవి దూలం వల్ల వచ్చినవి కావు. తెరుచుకోవడమే గానీ మూసుకోని పగులు కనిపిస్తే అద్దెదారును అడిగి ఆ భాగం ఖాళీ చేయించి ఇంజనీరుకు చూపించాలి.

నాకు అన్నిటికన్నా అనుమానం ఫాల్స్ సీలింగు మీద. షాపు సెలవు రోజున ఒక పలక తీయించి, బ్యాటరీ లైటు పట్టుకుని తల పైకి పెట్టి చూడండి. మొదట పెంకుల సందుల్లోంచి పగటి వెలుతురు ఎక్కడెక్కడ పడుతోందో గమనించండి, వాన నీరు వచ్చే దారులు అవే. తరువాత వాసాల కొనలు గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరుతో పొడవండి. గట్టి టేకు అయితే మొన దిగదు; మెత్తగా దిగి తడి పొడి రాలితే కొన పుచ్చినట్టు. దూలం మీదా గోడ మీదా పెన్సిలు గీతల్లా మట్టి బాటలు పాకి ఉంటే అవి చెదలవి. గోడ పైభాగంలో ఉండే వెంటిలేటర్లను సీలింగు ఎలాగూ మూసేసి ఉంటుంది. వేడిగాలి పైకి లేచి బయటికి పోవడానికి మీ తాతగారు పెట్టించిన దారిని మూసి, గుంటూరు మే నెలలో ఏసీ బిల్లు కడుతున్న షాపుదారుకు ఈ సంగతి చెబితే ఆయన కూడా ఆలోచనలో పడవచ్చు.

అన్నయ్యతో, చెల్లెలితో మాట్లాడేటప్పుడు వారసత్వ విలువను గజం ధరతో పోటీకి పెట్టకండి. ఆ పోటీలో అది నిలబడదు. వాళ్ళ వాటా వాళ్ళకు రావాలన్నది న్యాయమైన కోరికే. స్థలం లోతు సరిపోతే, తరువాతి కాలంలో చేర్చిన వెనక వసతులను తీసి అక్కడ కొత్త కట్టడం లేపి, వసారా నుంచి హాలు వరకు పాత కప్పు కింది భాగాన్ని మంచి అద్దె వచ్చే షాపుగా ఉంచడం నడిమి దారి. దీనికి అనుమతి వస్తుందో లేదో చుట్టూ వదలవలసిన ఖాళీని బట్టి ఉంటుంది కాబట్టి, బిల్డరు మాట మీద కాకుండా లైసెన్సున్న సర్వేయరుతో కొలిపించి తెలుసుకోండి. ఒప్పందం కుదిరితే పునాదుల తవ్వకం గురించి అందులో స్పష్టంగా రాయించండి. సున్నపు గోడల పాత ఇళ్ళకు పునాది లోతు తక్కువ. దాని పక్కనే సెల్లారు కోసం గొయ్యి తవ్వితే నిలబెట్టుకుందామనుకున్న భాగమే ముందు కూలుతుంది.

కూల్చాలనే ముగ్గురూ నిర్ణయిస్తే, అంతకు ముందు గది గదికీ కొలతలు తీసి నక్షా గీయించండి, ఫోటోలు తీయించండి, దస్తావేజు, పన్ను రసీదుల నకళ్ళు దానికి జోడించి మీ ఊరి గ్రంథాలయానికో చరిత్ర శాఖ ఉన్న కళాశాలకో ఇవ్వండి. బ్రాడీపేట మొదట ఎలా ఉండేదో రాయబోయే వాళ్ళకు పెంకు ముద్రకన్నా ఆ నక్షా ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్రశ్న: విజయవాడ గవర్నరుపేటలో ఒక పాత ఇంటి ముందు గదుల్లో హోమియో మందుల షాపు నడుపుతున్నాను. గోడలు అడుగు నుంచి మూడడుగుల ఎత్తు వరకు పొడి పొడిగా రాలుతున్నాయి. సిమెంటు పూత వేసి పైన టైల్స్ అంటిస్తే శాశ్వతంగా ఆగుతుందని ఇంటి ఓనరు గారు అంటున్నారు. ఇంటికి ఏమైనా హాని ఉంటుందా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: హాని ఉంటుందమ్మా. ఏలూరు, బందరు, రైవిస్ కాలువలు ఊరి మధ్యగా పారే విజయవాడలో నేల చెమ్మ కొత్త విషయం కాదు. పాత గోడల్లో ఆ చెమ్మ కింది నుంచి పైకి ఎక్కి, సున్నపు పూత గుండా ఆవిరై పోతుంది. పోతూ పోతూ నేలలోని ఉప్పును పైపూతలో వదిలిపెడుతుంది; మీరు చూస్తున్న పొడి ఆ ఉప్పు చేసిన పనే. పూత తాను అరిగిపోయి లోపలి ఇటుకను కాపాడుతోంది. సిమెంటూ టైల్సూ ఆ దారిని మూసేస్తాయి కాబట్టి చెమ్మ ఇంకా పైకి, ఐదడుగుల ఎత్తుకో ఆరడుగుల ఎత్తుకో ఎగబాకి అక్కడ రాలడం మొదలుపెడుతుంది. టైల్స్ వెనక ఇటుక మెత్తబడుతున్నది మీకు కనిపించదు కూడా.

రాలిన పూతను గీకించి, గోడను కొన్నాళ్ళు ఆరనిచ్చి, తిరిగి సున్నంతోనే పూయించండి. సున్నానికి మనం దూరం పోనక్కర లేదు, పిడుగురాళ్ళ బట్టీలు దగ్గరే ఉన్నాయి. బాగా నానిన సున్నంలో జల్లించిన ఇసుక కలిపి, పలుచగా రెండు మూడు పూతలుగా, ఒకటి ఆరాక మరొకటి వేయాలి. తొందరపెట్టే మేస్త్రీకి ఈ పని ఇవ్వవద్దు. పైన ప్లాస్టిక్ పెయింటు కాకుండా వెల్ల వేయించండి. మందుల అల్మరాలను గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా పెట్టుకుంటే గాలి ఆడుతుంది, మీ మాత్రలకూ చెమ్మ తగలదు. వాన నీరు పునాది దగ్గర నిలుస్తుంటే మాత్రం ముందు ఆ కాలువ బాగుచేయించమని ఓనరు గారిని అడగండి. అది చేయకుండా ఏ పూత వేసినా డబ్బు దండగే.

ప్రశ్న: సత్యనారాయణపురంలోని మా పాత ఇంటి ముందుభాగాన్ని షాపుగా మారుస్తున్నాం. చెక్కడం పనితో ఉన్న వీధి తలుపులను, ద్వారబంధంతో సహా కొంటామని ఒక వ్యాపారి వచ్చారు. అమ్మడం నేరమవుతుందా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తలుపుల వయసును బట్టి ఉంటుంది. పురావస్తువులు, కళాఖండాలకు సంబంధించిన 1972 నాటి కేంద్ర చట్టం ప్రకారం, నూరేళ్ళు నిండిన శిల్పాలు, హస్తకళా వస్తువులతో పాటు ఏదైనా కట్టడం నుంచి విడదీసిన వస్తువు కూడా పురావస్తువు కిందికి వస్తుంది. అటువంటి వాటి వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడం నిషిద్ధం. కాబట్టి తలుపులు నూరేళ్ళ పైబడినవని అనుమానం ఉంటే వ్యాపారి లైసెన్సు చూపించమని అడగండి. చూపించడానికి వెనకాడితే బేరం అక్కడితో ఆపేయండి.

వయసు తక్కువైతే అమ్మకానికి ఆ చట్టం అడ్డం కాదు. అయినా ఒక లెక్క వేసుకోండి. తమిళనాడులోని కారైక్కుడి పాతసామాను బజారుకు చేరే ఇలాంటి తలుపులను హోటళ్ళూ బొటిక్కులూ వెతికి కొనుక్కుని తమ వాకిళ్ళకు పెట్టుకుంటున్నాయి. మీరు పెట్టబోయేది కూడా షాపే. తలుపులు రెండూ పూర్తిగా లోపలికి తెరుచుకునేలా బందులు సరిచేయించి, రాత్రి రక్షణ కోసం వాటి వెనక మడత గ్రిల్లు పెట్టిస్తే సరిపోతుంది. గడప ఎత్తుగా ఉంటే దాన్ని కోయించకుండా, ముసలివాళ్ళూ చక్రాల కుర్చీ వాళ్ళూ రావడానికి వీలుగా రెండు వైపులా తీసిపెట్టుకునే చెక్క వాలుబల్లలు చేయించండి.